పాపాయికి ప్రవేశం లేదు

ఆ ఇంటి చిన్నకోడలు పొద్దున్నే మేడ మెట్లు దిగుతుంటే చూసినవాళ్ళు, ఈవిడ ఏ మంచుకొండకో బయలుదేరింది కాబోలు అనుకుంటారు. బయట ఎండ మాడ్చేస్తున్నా ఒంటి మీద ఉన్ని స్వెట్టరు, కాళ్ళకి మేజోళ్ళు. నవ్వకండి. ఆమె పోయేది కొండకి కాదు, కింద ఆఫీసులో వెనకవైపు గదిలోకి. అక్కడ సర్వర్లనే రెండు యంత్రాలున్నాయి. అవి వేడెక్కకూడదని ఏసీ ఏడాది పొడుగునా నడుస్తూనే ఉంటుంది. యంత్రాలకి చల్లగా ఉండాలని అందరూ ఆలోచించారు గానీ, వాటి పక్కన కూర్చునే మనిషి సంగతి ఎవరికీ తట్టలేదు.

ఆఫీసు బావగారిది. అంటే ఆమె భర్తకి అన్నగారిది. వెబ్‌సైట్లకు చోటు అద్దెకివ్వడం వాళ్ళ వ్యాపారం. ఊళ్ళో పళ్ళ డాక్టరమ్మకో, డ్రైవింగ్ స్కూలు ఆయనకో సైటు కావాలంటే వీళ్ళ దగ్గరికే వస్తారు. బావగారు ముందు గదిలో కుర్చీలో కూర్చుని పెత్తనం చేస్తారు. భర్త స్కూటరేసుకుని ఊరంతా తిరిగి ఖాతాదారుల్ని పట్టుకొస్తాడు. మహా మాటకారి, టీకొట్టు దగ్గర ఆగినా నలుగురు పోగవుతారు. ఇక మిగిలినదంతా, అంటే అసలు పనంతా, చిన్నకోడలిది. వెనక గదిలో కూర్చుని డేటాబేస్ సర్వర్‌ని బతికించి ఉంచడం.

డేటాబేస్ అనగానే కంగారు పడక్కర్లేదు, అదేం బ్రహ్మవిద్య కాదు. వెబ్‌సైటు దుకాణం ముందు భాగమైతే, డేటాబేస్ వెనకాల గోదాము. పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి ఎవరు ఎప్పుడు రావాలో, డ్రైవింగ్ స్కూల్లో ఎవరి పాఠాలు ఎంతవరకు వచ్చాయో, సమస్తం ఆ గోదాములోనే. ఎవరైనా సైటు తెరవగానే అది వెనక్కి పరిగెత్తి, ఒక పేరూ పాస్‌వర్డూ చెప్పి, లోపలికెళ్ళి కావలసింది తెస్తుంది. చెప్పిన పేరు చెల్లకపోతే తలుపు తెరుచుకోదు. ఫలానావారికి ప్రవేశం లేదని తెర మీద పడుతుంది.

పద్ధతి ప్రకారం ఒక్కో సైటుకి ఒక్కో పేరుండాలి. ఆ సంగతి ఆమెకి తెలియక కాదు. పెళ్ళై వచ్చిన కొత్తలో, కంప్యూటరు డిప్లొమా చేసిన మరదలు దొరికిందని బావగారు సంబరపడిపోయి ఆ గది అప్పగించారు. సర్వర్ ఇంకా సరిగ్గా నిలబెట్టక ముందే ఇద్దరు ఖాతాదారులు వచ్చి ముందు గదిలో తిష్ఠ వేశారు. "ఇప్పటికి ఏదో ఒక పేరుతో తెరిచెయ్యమ్మా, తర్వాత తీరిగ్గా మార్చుకుందాం" అన్నారు బావగారు. ఆమె తన పేరుతోనే తెరిచేసింది. తన పేరంటే పుట్టింట్లో నాన్న పిలిచే ముద్దుపేరు, పాపాయి. రెండో సైటుకీ అదే పేరు, మూడోదానికీ అదే. బావగారు చెప్పిన తీరిక ఆ ఇంటి ఛాయలకి రాలేదు. చూస్తుండగానే ఊళ్ళో సగం దుకాణాలు పొద్దున్నే లేచి పాపాయి పేరు చెప్పుకుని గోదాములోకి వెళ్ళడం మొదలైంది. టైర్ల కంపెనీ పాపాయి. శ్మశానం చూసుకునే ట్రస్టు కూడా పాపాయే.

మెడకి తనే గుదిబండ కట్టుకున్నానని ఆమెకి అర్థం కావడానికి కొన్నేళ్ళు పట్టింది. పాపాయి పాస్‌వర్డ్ మారిస్తే చాలు, సైట్లన్నీ ఆగిపోతాయి. అసలు పాపాయినే తీసేస్తే ఇక చెప్పనే అక్కర్లేదు. పోనీ ఇంకో మనిషిని పెట్టుకుందామంటే, ఆ చిక్కుముడి ఎక్కడ మొదలైందో చెప్పేలోపే వచ్చినవాడు ఇంకో ఉద్యోగం చూసుకునేవాడు. చెల్లెలి పెళ్ళిలో అందరూ ఫోటోకి నిలబడితే ఈమె లేదు. పెళ్ళికూతురు ముస్తాబయిన గదిలో, విప్పిపడేసిన చీరల మధ్య లాప్‌టాప్ పెట్టుకుని ఆగిపోయిన ఎవరిదో నర్సరీ స్కూలు సైటు లేపుతోంది. ఇప్పటికీ ఆ ఫోటో చూస్తే ఆమెకి కడుపు మండుతుంది.

బయటి ఆఫీసైతే రాజీనామా రాసిచ్చి చేతులు దులుపుకుని పోవచ్చు. ఇక్కడ ఎవరికివ్వాలి? ఇస్తే, పైకెళ్ళి అదే చేత్తో అదే బావగారికి భోజనం వడ్డించాలి. సెలవు మాటెత్తితే ఆయన నవ్వేసేవారు. "సొంత మనుషులకి సెలవేంటమ్మా, ఇల్లే కదా" అనేవారు. ఆమె మళ్ళీ ఆ స్వెట్టరే వేసుకుని వెనక గదిలోకి పోయేది.

కూతురు కాలేజీ హాస్టలుకి వెళ్ళాక ఇంట్లో ఆ కాస్త సందడీ పోయింది. అప్పుడే ఆమె ఎవరికీ చెప్పకుండా ఒక ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. ఇంకో ఊళ్ళో విశ్వవిద్యాలయం లైబ్రరీ. పుస్తకాల వివరాలుండే డేటాబేస్ చూసుకోవాలి. ఇంటర్వ్యూలో చివరికి, మీరేమైనా అడగాలా అన్నారు. "ఎవరైనా సెలవు పెడితే ఎవరు చూస్తారండీ?" అని అడిగింది. "మిగతావాళ్ళు చూస్తారు" అంది అక్కడి పెద్దావిడ, ఇదేం ప్రశ్న అన్నట్టు. చిన్నకోడలు బయటికొచ్చి బస్టాండులో బెంచీ మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంది. ఉద్యోగం ఆమెకే వచ్చింది. కాకపోతే కొత్త టర్ము మొదలయ్యేలోపు చేరాలి, లేదా తర్వాతి మనిషిని పిలుస్తామన్నారు.

ముందు భర్తకి చెప్పింది. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "వెళ్ళు. ఇన్నేళ్ళు చేశావు, చాలదూ? నేనున్నాగా, అన్నయ్యకి నేను చెప్తా" అన్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన మీద అంత ప్రేమ ఆమెకి ఎప్పుడూ పుట్టలేదంటే నమ్మండి.

బావగారికి చెప్పినప్పుడు ఆయన కోప్పడలేదు. కోప్పడితేనే నయం, తిరిగి ఏదైనా అనొచ్చు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ మెత్తగా మాట్లాడారు. "నేను నిన్ను ఆపేవాణ్ణా అమ్మా? కాకపోతే ఒక్కమాట. నువ్వు చెయ్యి పెట్టకుండా ఆ సర్వర్ ఒక్కరోజు నడవనీ. ఆఫీసు తలుపు తీసింది మొదలు మూసేదాకా. నడిస్తే నేనే వచ్చి రైలెక్కిస్తా."

నడవదని ఆయన ధీమా. ఆమె మాత్రం ఆ మాటని కొంగున ముడేసుకుంది. నడిపించి చూపిస్తే ఉద్యోగం, లేకపోతే బతుకంతా ఆ గది.

ఆ రోజు నుంచి పాపాయిని ఒక్కో సైటు నుంచి విడదీయడం మొదలుపెట్టింది. కొత్త పేరు సృష్టించాలి, ఆ పేరుకి తన గోదాములోకి తప్ప ఇంకెక్కడికీ వెళ్ళే హక్కు లేకుండా చెయ్యాలి, సైటులో పాత పేరు తీసి కొత్తది రాయాలి, ఆపైన సొంతదారుకి ఫోను చేసి అన్నీ సరిగ్గా తెరుచుకుంటున్నాయా అని అడగాలి. అసలు కష్టం ఆ ఫోన్లే. డ్రైవింగ్ స్కూలు ఆయన మొదటినుంచీ పేచీ.

"నిన్నటిదాకా బాగానే ఉందిగా మేడం, ఇప్పుడెందుకు కెలకడం?"

"ఇన్నాళ్ళూ మీ సైటు నా పేరు చెప్పుకుని లోపలికెళ్తోందండీ. ఇక నుంచి మీ పేరుతో వెళ్తుంది."

"మీ పేరుకేమైంది? మాకేం ఇబ్బంది లేదే."

"నాకుంది" అంది ఆమె. "సరే కానివ్వండి, కానీ మా వాళ్ళ పాఠాలు పోతే మాత్రం ఊరుకోను" అన్నాడాయన.

పాతవి ఒకవైపు విడదీస్తుంటే ఇంకోవైపు భర్త కొత్త ఖాతాదారుల్ని తెస్తూనే ఉన్నాడు. అవన్నీ కూడా ఆమే చేస్తే ఈ జన్మలో తెమలదు. అందుకని భర్తని పక్కన కూర్చోబెట్టుకుని కొత్త సైటుకి కొత్త పేరు ఎలా ఇవ్వాలో నేర్పింది. ఆయన బుద్ధిగా తలూపాడు. మొదటిది ఆమె ఎదుటే చేశాడు, వంక పెట్టడానికి సందు లేకుండా చేశాడు. "ఇక కొత్తవన్నీ నావి, నువ్వు పాతవి చూసుకో" అన్నాడు. ఆమె ఆపైన ఆయన చేసినవి తెరిచి చూడలేదు. ఖాతాదారుడు చేసింది చూస్తుంది, యంత్రం చేసింది చూస్తుంది. కట్టుకున్నవాడి పనిని తనిఖీ చేస్తారా ఎవరైనా?

పాతవన్నీ అయిపోయాయి. ఒకరోజు పొద్దున్న ఆఫీసు తలుపు తీయగానే, బావగారిని పక్కన నిలబెట్టుకుని పాపాయి ఖాతాకి తాళం వేసింది. తీసెయ్యలేదు, తాళం మాత్రమే. ఇక ఆ పేరు చెప్పి ఎవరూ లోపలికి పోలేరు. తర్వాత వెనక గదిలోంచి బయటికొచ్చి, ఖాతాదారులు కూర్చునే బెంచీ మీద కూర్చుంది. స్వెట్టరు ఇంకా ఒంటి మీదే ఉంది, విప్పాలని కూడా తోచలేదు.

బావగారు ఫోనులో పాత సైట్లు ఒక్కొక్కటీ తెరిచి చూస్తున్నారు; కొత్తవాటికి పాపాయితో పనే లేదనుకుని వాటి జోలికి పోలేదు. "పళ్ళ డాక్టరమ్మది వచ్చింది" అన్నారు, ఎవరో చుట్టం చెప్పకుండా ఊడిపడ్డట్టు. "డ్రైవింగ్ స్కూలూ వచ్చింది." టైర్లు వచ్చాయి. శ్మశానం వచ్చింది. ప్రతి సైటూ తెరుచుకున్నప్పుడల్లా చిన్నకోడలు మనసులోనే ఒక సామాను పెట్టెలో సర్దుకుంటోంది, చీరలయ్యాయి, చెప్పులయ్యాయి, కూతురి ఫోటో అయింది.

మధ్యాహ్నం బల్ల మీద ఫోను మోగింది. బావగారు ఎత్తారు. బస్సు టికెట్ల ఆఫీసు, ఈమధ్యే చేరిన ఖాతాదారు. వాళ్ళ కౌంటరు తెరిచేదే మధ్యాహ్నం. సైటు తెరుచుకోవడం లేదట, ఎవరికి ఏ సీటో తెలియక జనం బస్సు చుట్టూ తిరుగుతున్నారట. బావగారు ఫోను చేత్తో మూసి ఆమె వైపు చూశారు. ఆ చూపులో జాలి ఉంది, ఆ జాలి వెనకే గెలిచిన సంబరం కూడా ఉంది.

ఏం తప్పు జరిగిందో ఆమె ఊహకే అందలేదు. కొత్త సైటు, దానికి పాపాయితో సంబంధమే లేదు. సరిగ్గా అప్పుడే భర్త స్కూటరు ఆపి లోపలికొచ్చాడు.

"బస్సుల సైటు ఆగిపోయిందటరా" అన్నారు బావగారు.

"ఆ, ఏముంది, పాపాయిని ఒక్కసారి తెరిస్తే సరిపోతుంది" అన్నాడు భర్త, తాళంచెవి జేబులో వేసుకుంటూ.

ఆమె మెల్లగా లేచి నిలబడింది.

"అది పాపాయి పేరు మీద ఉందని మీకెలా తెలుసు?"

పొద్దున్నించి రాత్రిదాకా ఊరందరితో మాట్లాడే మనిషి, ఆ ఒక్క ప్రశ్నకి మాట దొరక్క నేల చూశాడు.

"మీరు పెట్టినవన్నీ అలాగే ఉన్నాయా?" అంది.

"మొదటిది తప్ప."

"ఎందుకు? నేర్పించాను కదా, రాలేదా?"

"వచ్చు" అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "నువ్వు నిజంగానే వెళ్ళిపోతావనిపించింది" అన్నాడు.

అంటే సంగతేమిటి? ఈవిడ ఒకవైపు ముడులు విప్పుకుంటూ వస్తుంటే, వెళ్ళు వెళ్ళు అన్న మనిషే రెండోవైపు కూర్చుని కొత్త ముడులు వేస్తూ వచ్చాడన్నమాట. ఆమెకి ఏడుపు రాలేదు. చెంప మీద కొట్టినట్టు ఒళ్ళంతా వేడెక్కింది. ఫోనులో బస్సుల ఆయన హలో హలో అంటూనే ఉన్నాడు.

"పోనీలే అమ్మా" అన్నారు బావగారు. "ఆ తాళం తీసెయ్యి. పాపం, జనం ఎండలో ఉన్నారు. నీ ఉద్యోగం సంగతి మళ్ళీ ఎప్పుడైనా చూద్దాం."

మళ్ళీ ఎప్పుడైనా అంటే ఎప్పుడూ కాదని ఆమెకి తెలుసు. సామాన్లు పట్టుకుని ఎండలో నిలబడ్డ మనుషులు కూడా ఆమెకి కళ్ళ ముందు మెదులుతున్నారు. వాళ్ళు చేసిన పాపమేముంది? రెండు మాటలు టైపు చేస్తే వాళ్ళు బస్సెక్కుతారు. వేళ్ళు వాటంతట అవే కదులుతున్నాయి. ఆమె రెండు చేతులూ స్వెట్టరు జేబుల్లో దోపుకుంది.

"నేను చెయ్యి పెట్టకూడదనే కదా బావగారూ మాట" అంది. "పెట్టను. ఆయనకి వచ్చట. ఆయన్నే కూర్చోమనండి."

భర్త వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఆమె గుమ్మంలో నిలబడింది, బావగారు ఫోను పట్టుకుని పక్కన. భర్త బస్సుల సైటుకి కొత్త పేరు ఇచ్చాడు, సైటులో పాతది తీసి కొత్తది రాశాడు. తెరిచి చూస్తే మళ్ళీ ప్రవేశం లేదు. పేరైతే పెట్టాడు గానీ, ఆ పేరుకి గోదాములోకి వెళ్ళే హక్కు ఇవ్వడం మరిచిపోయాడు. ఆమెకి చూడగానే తెలిసిపోయింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇన్నేళ్ళలో ఆమె తనకి తెలిసింది చెప్పకుండా ఉండటం అదే మొదటిసారి, అది ఇంత నరకమని ఆమెకి తెలియదు. అవతల ఎవరో ముసలాయన బస్సు వెళ్ళిపోతుందేమోనని అడుగుతుండటం ఫోనులోంచి వినబడుతోంది. ఆమె పళ్ళు బిగబట్టి గోడ వైపు తిరిగింది.

భర్త తల గోక్కున్నాడు. తెర వైపు కాసేపు చూశాడు. "ఓహో" అని తనలో తను అనుకుని ఏదో టైపు చేశాడు. ఫోనులో బస్సుల ఆయన గొంతు మారిపోయింది. "ఆ, వచ్చింది సార్, వచ్చింది" అని పెట్టేశాడు.

ఆయన పెట్టిన మిగతావి కూడా ఆగే ఉన్నాయి, సొంతదారులు ఇంకా చూసుకోలేదంతే; వాటినీ భర్త వరసగా చేసుకుంటూ పోయాడు. మందుల దుకాణం, ఫోటో స్టూడియో, కుట్టుపని నేర్పే స్కూలు. ఒక్కచోట కూడా తడబడలేదు. ఆమె గుమ్మంలోంచి ఆయన వేళ్ళ వంకే చూస్తోంది. మొన్న మొన్న నేర్చుకున్న చేతి వాటం కాదది.

ఆఫీసు మూసే వేళకి ఏ సైటూ ఆగి లేదు. బావగారు కళ్ళజోడు తీసి తుడిచారు, పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు. "మాట ఇచ్చాను కదా. వెళ్ళిరా అమ్మా" అన్నారు, ఆమె మొహం చూడకుండా. తర్వాత తమ్ముడి వైపు తిరిగారు. "ఒరేయ్, రేపటి నుంచి నువ్వు వెనక గదిలో కూర్చో. బయట తిరగడానికి ఎవర్నైనా చూసుకుందాం." అంతే, ఆయన పైకెళ్ళిపోయారు.

భర్త మొహం పాలిపోయింది. భార్య వెళ్ళిపోతున్నందుకు కాదు. ఆమె ఇన్నేళ్ళు కాపురం చేసింది, ఆ మాత్రం తెలుసు. ఆయన ఆ గది నాలుగు గోడలనీ, ఏసీనీ, కిటికీ లేని వెనకవైపునీ చూసి భయపడుతున్నాడు.

"మీకీ పని ఎప్పుడొచ్చింది?" అని అడిగింది.

ఆయన అబద్ధం చెప్పలేదు. చెప్పే ఓపిక కూడా పోయినట్టుంది. "మన అమ్మాయి పుట్టినప్పుడు. నువ్వు ఆస్పత్రి మంచం మీంచి ఫోన్లో ఒక్కొక్కటీ చెప్తుంటే, నేనిక్కడ కూర్చుని కొట్టేవాణ్ణి చూడు. అప్పుడే చాలావరకు వచ్చేసింది."

"మరి ఇన్నేళ్ళూ రాదనే అన్నారు."

"వచ్చంటే అన్నయ్య నన్నే ఇక్కడ కూర్చోబెట్టేవాడు" అన్నాడు. "రోజంతా ఈ గదిలో నా వల్ల కాదే. నాకు ఊపిరాడదు."

ఆమె తిడదామనుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. ఊపిరాడకపోవడం అంటే ఏమిటో ఆమెకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

"అయితే ఈ గదిలో ఉండటం ఎలా ఉంటుందో మీకు తెలుసన్నమాట."

"తెలుసు."

"తెలిసే నన్ను ఉంచారు."

ఆమె పెట్టె సర్దుకోవడానికి పైకి వెళ్ళింది.